నాలుగు బర్రెలు అమ్మేస్తే భూమి చల్లబడుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి చేవెళ్ల దగ్గర నాలుగు బర్రెలున్నాయి. బెంగళూరులో ఉండే మీ చెల్లెలు పాలు మానేసి, "భూమి వేడెక్కడానికి పశువులే అసలు కారణం, ముందు వాటిని అమ్మేయండి" అంటోంది. మీ బాబాయి ఏమో "అదంతా తెల్లోళ్ల కట్టుకథ. వేడి సూర్యుడి వల్ల, అగ్నిపర్వతాల వల్ల. పశువులు కృష్ణుడి కాలం నుంచి లేవా?" అంటున్నారు. పండక్కి ఇంటికి పోతే ఇదే పంచాయితీ, నాన్నగారు మధ్యలో నలిగిపోతున్నారు, ఎవరిది నిజం అని అడిగారు.

నేను పశువైద్యుణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా రంగారెడ్డి, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు తిరిగాను. చివరి పదేళ్లు ఎక్కువగా మేత, దాణా మీదే పని. ఇప్పుడు రాజేంద్రనగర్‌లో రిటైరై కూర్చున్నాను. వాతావరణ శాస్త్రం నా చదువు కాదు. కానీ బర్రె కడుపులో ఏం జరుగుతుందో చెయ్యి పెట్టి చూసినవాణ్ణి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో షాబాద్ వైపు ఒక ఊరి నుంచి రాత్రిపూట పిలుపొచ్చింది. ఎండాకాలం. ఒక బర్రె పెంటకుప్ప మీద మామిడి టెంక మింగింది, అది గొంతులో అడ్డం పడింది. నేను పోయేసరికి ఎడమ డొక్క డోలు లాగా ఉబ్బి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. టెంక తీసేంత సమయం లేదు. ఎడమ డొక్కలో ట్రోకార్, అంటే గొట్టం తొడిగిన లావుపాటి సూది, గుచ్చి సూది లాగితే గొట్టంలోంచి గాలి బుస్సుమని కొట్టింది. పక్కన లాంతరు పట్టుకున్న పెద్దాయన నోట్లో బీడీ వెలుగుతోంది. "బీడీ పారెయ్ తాతా!" అని అరిచాను. ఆయనకు అర్థం కాలేదు. ఆ గాలిలో దాదాపు నాలుగో వంతు మీథేన్, అంటుకుంటుంది. భూమిని వేడెక్కించే వాయువుల్లో అదీ ఒకటి.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, వాట్సాప్‌లో వచ్చే బొమ్మల్లో ఆవు వెనక నుంచి గాలి వస్తున్నట్టు గీస్తారు. అది తప్పు. నూటికి తొంభై అయిదు పాళ్లు మీథేన్ ముందు నుంచే, తేన్పుల్లోనూ ఊపిరిలోనూ పోతుంది. తేన్పు ఆగితే రెండు మూడు గంటల్లో పశువు చావు అంచుకు పోతుంది. గొడ్డు మెదలకుండా నిలబడి ఉన్నప్పుడు మెడ కింద కొంచెం కదలిక చూడండి. నిమిషానికి ఒకటో రెండో తేన్పులు, రాత్రనక పగలనక.

ఎందుకు తేన్చాలి? వరిగడ్డి, జొన్న చొప్ప మనం తింటే అరగవు. బర్రె మొదటి పొట్టలో, వంద లీటర్లకు పైగా పట్టే ఆ తొట్టిలో, కోటానుకోట్ల సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి. ఆ పులిసే పనిలో హైడ్రోజన్ పుడుతుంది. అది పేరుకుపోతే పులియడమే ఆగిపోతుంది. అందుకని ఆర్కియా అనే ఇంకో జాతి జీవులు ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేసి బయటికి పంపిస్తాయి. అంటే మీథేన్ బర్రెకు జబ్బు కాదు, గడ్డిని పాలు చేసే యంత్రానికి పొగగొట్టం. దాన్ని పూర్తిగా మూసేస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. సన్నం చేయొచ్చు.

ఇప్పుడు అంకెలు. మీ చెల్లెలూ బాబాయీ ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. అంకె చూస్తున్నారు గానీ దాన్ని దేనితో భాగించారో చూడట్లేదు. బడిలో భిన్నాలు నేర్పిన అయ్యవారు చెప్పినట్టు, పైనున్న లవం సగం కథే చెబుతుంది, మిగతా సగం కిందున్న హారంలో ఉంటుంది.

ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం, 2006 మార్గదర్శకాల్లో మన ఉపఖండపు బర్రెకు ఏడాదికి సగటున 55 కిలోల మీథేన్ అని పెట్టారు. రోజుకు 150 గ్రాములు, గాలిగా కొలిస్తే రెండు వందల లీటర్ల పైచిలుకు. నూరేళ్ల లెక్కన చూస్తే పశువుల నుంచి వచ్చే కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆ ప్రకారం ఒక బర్రె ఏడాదికి దగ్గర దగ్గర ఒకటిన్నర టన్నులు. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి అది సుమారు 650 లీటర్ల పెట్రోలు. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే కారు ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగినట్టు. ఇక గచ్చిబౌలిలో మీ ఫ్లాట్‌కు నెలకు 300 యూనిట్ల కరెంటు కాలుతుందనుకుందాం. మన దేశంలో యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు పడుతుంది, ఏడాదికి రెండున్నర టన్నులు. అంటే మీ ఏసీ, గీజరు, ఫ్రిజ్ కలిసి నాన్నగారి ఒకటిన్నర బర్రెకు పైనే. చెల్లెలికి ఈ ముక్క చెప్పండి. అయితే నాలుగు బర్రెలూ కలిపితే ఆరు టన్నులు, అది చిన్నదేం కాదని కూడా చెప్పండి.

ఇక్కడే మొదటి హారం వస్తుంది, కాలం. నూరేళ్లకు బదులు ఇరవయ్యేళ్ల మీద లెక్క కడితే కిలో మీథేన్ 80 కిలోలవుతుంది, ఒక్కో బర్రె నాలుగు టన్నులు దాటుతుంది. అదే బర్రె, అదే తేన్పు. భయపెట్టాలనుకున్నవాళ్లు ఇరవై తీసుకుంటారు, తేలిక చేయాలనుకున్నవాళ్లు నూరు తీసుకుంటారు. రెండూ అబద్ధం కాదు, ఏది వాడారో చెప్పకపోవడమే మోసం.

ఎందుకింత తేడా అంటే రెండు కుండలు ఊహించుకోండి. మీథేన్‌ది చిల్లు కుండ. గాలిలో చేరిన మీథేన్ సుమారు పన్నెండేళ్లలో ఆవిరైపోతూ ఉంటుంది, అంటే రసాయనికంగా విరిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌ది దాదాపు చిల్లులేని కుండ. ఇవాళ పోసినదాంట్లో మంచి భాగం వందల ఏళ్లు, కొంత వేల ఏళ్లు అలాగే ఉంటుంది. చిల్లు కుండలో రోజూ ఒకటే చెంబు పోస్తుంటే నీళ్లు ఒక మట్టానికి వచ్చి నిలబడతాయి. రెండో కుండలో రోజూ ఒకటే చెంబు పోసినా మట్టం పెరుగుతూనే పోతుంది. అందుకే పశువుల సంఖ్య పెరగకుండా నిలకడగా ఉంటే, వాటి మీథేన్ కొత్తగా కలిపే వేడి తక్కువ అనే వాదం ఒకటి గట్టిగా నడుస్తోంది. ఆ వాదంలో పస ఉంది. కానీ న్యూజీలాండ్ లాంటి చోట్ల పెద్ద మందలున్నవాళ్లు దాన్నే పట్టుకుని "ఇప్పటికే ఉన్న మట్టం మాది, ముట్టుకోవద్దు" అనడం నాకు నచ్చదు. మట్టం నిలబడ్డా ఆ వేడి నిలబడే ఉంటుంది కదా. చెంబు చిన్నది చేస్తే పది పదిహేనేళ్లలో మట్టం దిగుతుంది. కార్బన్ డయాక్సైడ్‌తో ఆ సౌకర్యం లేదు.

మన దగ్గర నిలకడ ఉందా? 2012 పశుగణనలో దేశంలో ఆవులు, ఎద్దులు 19.09 కోట్లు, 2019లో 19.25 కోట్లు. గేదెలు 10.87 కోట్ల నుంచి 10.98 కోట్లకు వచ్చాయి. ఈ మధ్య దాదాపు నిలకడే. మీ బాబాయి చెప్పే కృష్ణుడి కాలం లెక్క నా దగ్గర లేదు గానీ 1951 లెక్క ఉంది. అప్పుడు ఆవులు, ఎద్దులు 15.53 కోట్లు, గేదెలు 4.34 కోట్లు. డెబ్బై ఏళ్లలో గేదెలు రెండున్నర రెట్లయ్యాయి. "అప్పుడూ పశువులున్నాయి, ఇప్పుడూ ఉన్నాయి" అనడం, అప్పుడూ హైదరాబాదులో బండ్లున్నాయి, ఇప్పుడూ ఉన్నాయి అన్నట్టే. అబిడ్స్‌లో నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది.

ఇక బాబాయి చెప్పే సూర్యుడు. అది అడగదగిన ప్రశ్నే. శాస్త్రవేత్తలు కూడా ముందు సూర్యుణ్ణే అనుమానించారు. 1978 నుంచి ఉపగ్రహాలు సూర్యుడి నుంచి వచ్చే శక్తిని నేరుగా కొలుస్తున్నాయి. పదకొండేళ్ల ఆటుపోట్లు కనపడతాయి గానీ పైకి ఎక్కే ధోరణి లేదు. భూమి మాత్రం ఆ కాలంలోనే బాగా వేడెక్కింది. ఇంకో పెద్ద ఆనవాలుంది. సూర్యుడే కారణమైతే వాతావరణం కింది పొర, పై పొర రెండూ వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతూ, స్ట్రాటోస్ఫియర్ అనే పై పొర చల్లబడుతోంది. కింద దుప్పటి కప్పితే పైన చల్లగా ఉన్నట్టు. అగ్నిపర్వతాల సంగతికొస్తే, మీ ఊరికి పడమట వికారాబాద్ వైపు నల్లరాయి ఆరున్నర కోట్ల ఏళ్ల కింద పారిన లావాయే, కాబట్టి అగ్నిపర్వతాలు వాతావరణాన్ని మార్చలేవని నేననను. కానీ ఇప్పుడున్న అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వదిలేదాంట్లో ఒక శాతం కూడా లేదు.

గాలిలో పెరిగిన కార్బన్ బొగ్గు, పెట్రోలుదని ఎట్లా తెలుసు అని మళ్లీ అడుగుతారు. కార్బన్‌లో 14 అనే రకం ఒకటుంది, అది బతికున్నవాటిలో ఉంటుంది, లక్షల ఏళ్లు పూడిపోయినవాటిలో ఉండదు. గాలిలో ఆ రకం వాటా పలచబడుతూ వచ్చిందంటే పాత కార్బన్ కలిసిందన్నమాట. పాలల్లో నీళ్లు కలిపారా లేదా లాక్టోమీటరు చెప్పినట్టే. కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల పాళ్లలో 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. మీథేన్ వంద కోట్ల పాళ్లలో సుమారు 720 ఉండేది, ఇప్పుడు 1900 దాటింది. మీథేన్ శాతంగా ఎక్కువ పెరిగింది. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం ఇప్పటిదాకా వచ్చిన వేడిలో కార్బన్ డయాక్సైడ్ వాటా సుమారు 0.8 డిగ్రీలు, మీథేన్ వాటా సుమారు 0.5. పొగ, ధూళి కొంత చల్లబరచడం వల్ల మొత్తం తగ్గి కనిపిస్తుంది.

మీథేన్ అనగానే పశువులేనా? ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. మనుషుల వల్ల వచ్చే మీథేన్‌లో దాదాపు మూడో వంతు పశువులది, ఇంచుమించు అంతే బొగ్గు గనులు, చమురు, గ్యాసు బావులది, అయిదో వంతు చెత్తకుప్పలు, మురుగునీళ్లది, ఎనిమిది శాతం దాకా వరి మడులది. ముతక లెక్కగా ఆ అర డిగ్రీలో మూడో వంతు కడితే, ప్రపంచంలోని పశువులన్నీ కలిసి తెచ్చిన వేడి ఒక డిగ్రీలో ఆరో ఏడో వంతు. చెల్లెలు చెప్పే "అసలు కారణం" అది కాదు. బాబాయి చెప్పే సున్నా కూడా కాదు.

1999 నుంచి 2006 దాకా గాలిలో మీథేన్ పెరగడం దాదాపు ఆగిపోయింది. 2007 నుంచి మళ్లీ ఎక్కింది. గ్యాసు బావుల తప్పా, పశువుల తప్పా అని పెద్ద వాదన నడిచింది. ఇక్కడా లాక్టోమీటరు లాంటిదొకటి ఉంది. జీవుల నుంచి పుట్టిన మీథేన్‌లో బరువైన కార్బన్ 13 తక్కువ, గనుల మీథేన్‌లో ఎక్కువ. 2007 తర్వాత గాలిలో మీథేన్ తేలికవుతూ వచ్చింది. అంటే చిత్తడి నేలలు, వరి, పశువులు, చెత్తకుప్పలు, ఈ బాపతుది పెరిగింది. "చూశారా, బర్రెలే" అని గంతులేయకండి. 2020, 2021లో మీథేన్ రికార్డు స్థాయిలో ఎగబాకింది. ఆ రెండేళ్లలో ప్రపంచంలో పశువులు హఠాత్తుగా ఈనలేదు. ఉష్ణమండలపు చిత్తడి నేలల్లో వానలు ఎక్కువవడం, లాక్‌డౌన్‌లో వాహనాల పొగ తగ్గి మీథేన్‌ను విరగ్గొట్టే రసాయనం పలచబడడం పెద్ద కారణాలని తేలింది. వేడి పెరిగితే చిత్తడి నేలలు ఇంకా ఎక్కువ మీథేన్ వదలడమనే ముప్పు కూడా ఇందులోనే ఉంది. నాకు నిజంగా భయం పుట్టించేది అది, బర్రె తేన్పు కాదు.

ఇప్పుడు "కార్ల కన్నా ఆవులే ఎక్కువ పాడు చేస్తున్నాయి" అనే మాట. దాని పుట్టుక చెబుతా. 2006లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, మనుషుల వల్ల వచ్చే భూమిని వేడెక్కించే వాయువుల్లో పశువుల వాటా 18 శాతం, అది రవాణా అంతటి కన్నా ఎక్కువ అని రాసింది. పశువులకు లెక్క కట్టేటప్పుడు మేత పండించిన ఎరువు, అడవి నరికిన భూమి, మాంసం మోసిన లారీ అన్నీ కలిపారు. వాహనాలకేమో పొగగొట్టంలోంచి వచ్చినదే లెక్కపెట్టారు. కారు తయారీ, ఇనుము, రోడ్డు, చమురు శుద్ధి ఏదీ లేదు. ఒకరికి కుటుంబం మొత్తం ఖర్చు, ఇంకొకరికి జేబు ఖర్చు పెట్టి పోల్చినట్టు. విమర్శలొచ్చాక ఆ పోలిక సరికాదని వాళ్లే ఒప్పుకున్నారు. 2013లో అదే సంస్థ 14.5 శాతం అంది, 2023లో 12 శాతం దగ్గరికి వచ్చింది. పాత 18 శాతం మాత్రం ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతూనే ఉంది.

మన దేశం లెక్క వేరు. ఐక్యరాజ్యసమితికి పంపిన నివేదికలో 2020 సంవత్సరానికి ఉద్గారాల్లో శక్తి రంగానిది, అంటే బొగ్గు, చమురు, గ్యాసుది, దాదాపు 76 శాతం. వ్యవసాయం మొత్తానిది 14 శాతం లోపు, అందులో సగానికి కాస్త పైన పశువుల తేన్పులు. దేశం మొత్తంలో ఏడెనిమిది శాతం. తెలంగాణలో గొర్రెలు 1.9 కోట్లు, దేశంలోనే మొదటి స్థానం, కాబట్టి మన దగ్గర బర్రెలొక్కటే కాదు. గొర్రె ఒక్కటే తీసుకుంటే చాలా తక్కువ, ఏడాదికి అయిదు కిలోల చిల్లర.

ఇక ఇంకో హారం, నాకు వృత్తిలో అన్నింటికన్నా ముఖ్యమైంది. తలకా, లీటరుకా? అమెరికా పాడి ఆవుకు ఐపీసీసీ పెట్టిన అంకె 128 కిలోలు, మన బర్రె 55, మన ఆవు 58. తలకు చూస్తే మనం పుణ్యాత్ములం. కానీ అమెరికా ఆవు ఏడాదికి పదివేల కిలోలకు పైగా పాలిస్తుంది. మన పల్లె బర్రె ఏడాది మొత్తం మీద పదిహేను వందల లీటర్లిస్తే గొప్ప. లీటరుకు భాగిస్తే అక్కడ 12 గ్రాములు, ఇక్కడ 36 దాటుతుంది. మూడు రెట్లు. మనవాళ్లు తల లెక్క చెప్పి ఛాతీ విరుచుకుంటారు, వాళ్లు లీటరు లెక్క చెప్పి వేలు చూపిస్తారు.

నా తీర్పు? లీటరు లెక్క మన మీద కొంత అన్యాయమే. అమెరికా ఆవు మేతలో మనుషులు తినగలిగే మొక్కజొన్న, సోయా కూడా ఉంటాయి. మన బర్రె తినేది ఎక్కువగా వరిగడ్డి, చొప్ప, తవుడు. తినకపోతే ఆ గడ్డిని కొన్నిచోట్ల కాలుస్తారు. పైగా పేడ, ఎరువు, ఆపదలో అమ్ముకునే ఆస్తి, ఇవేవీ లీటరు లెక్కలోకి రావు. 2021లో గ్లాస్గోలో మీథేన్‌ను 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామని వంద దేశాలకు పైగా సంతకం పెడితే మన దేశం పెట్టలేదు, చిన్న రైతుల బతుకుతెరువు అని చెప్పింది. ఆ మాటతో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆ మాట చాటున మనం మన బర్రెను అర్ధాకలిగా, ఏడాదిన్నరకొకసారి ఈనేలా వదిలేయడం. తేన్పులో పోయేది ఎవరి సొత్తు అనుకున్నారు? తిన్న మేతలోని శక్తిలో సుమారు ఆరు శాతం ఆ గాలిలోకే పోతుంది. 55 కిలోల మీథేన్‌లోని శక్తి నాలుగు వంట గ్యాసు సిలిండర్లతో సమానం. నాన్నగారికి నాలుగు బర్రెలు, ఏడాదికి పదహారు సిలిండర్లు. ఆయన పోసిన తవుడు, పత్తి గింజల చెక్క అట్లా గాల్లో కలుస్తోంది.

దాన్ని తగ్గించడానికి మందులు వచ్చాయి. యూరప్‌లో 2022లో, అమెరికాలో 2024లో అనుమతి దొరికిన బోవేర్ అనే పొడి పాడి ఆవుల్లో సుమారు 30 శాతం తగ్గిస్తుంది. సముద్రపు ఎర్ర నాచు ఒకటి కొన్ని ప్రయోగాల్లో 80 శాతం దాకా తగ్గించింది. బెంగళూరులోని పశు పోషణ పరిశోధన సంస్థ వగరు చెట్ల ఆకులతో చేసిన హరిత్ ధార 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని చెప్పింది. ఇవన్నీ రోజూ దాణాలో తూచి కలపాలి. పగలంతా పొలాల గట్ల మీద మేసొచ్చే బర్రెకు ఎవరు కలుపుతారు, రైతుకు లీటరు మీద రూపాయి ఎక్కువ రాకపోతే ఎందుకు కలుపుతాడు? డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద పన్ను వేయబోతోంది. న్యూజీలాండ్ అలాంటిదే తెస్తానని 2024లో వెనక్కి తగ్గింది. మన దగ్గర పన్ను మాట ఎత్తితే నారాయణగూడ సదర్ ఉత్సవంలో పూలదండలేసుకున్న దున్నపోతులు నేరుగా సచివాలయానికి వస్తాయి, నేనూ వాటితో నడుస్తాను.

నగరంలో ఉండేవాళ్లు అద్దం చూసుకోవాల్సిన చోటొకటి ఉంది, పేడ, చెత్త. పల్లెలో పేడ పిడకలు కొట్టినా, కుప్ప పోసి ఎండబెట్టినా మీథేన్ తక్కువే వస్తుంది, ఎందుకంటే గాలి తగులుతుంది. అదే పేడను నగరపు తబేలాలో పైపుతో కడిగి నాలాలోకి తోస్తే నీళ్లకింద గాలాడక కుళ్లి మీథేన్ అవుతుంది. మనం ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి జవహర్‌నగర్ చెత్త డంపుకు పంపే అన్నం, కూర తొక్కలు చేసేదీ అదే పని. బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్ల పద్ధతితో రోజుకు పది టన్నుల కూరగాయల వ్యర్థం నుంచి గ్యాసు తీసి సుమారు 500 యూనిట్ల కరెంటు చేసే ప్లాంటు పెట్టారు. మీ చెల్లెలు పాలు మానేయడం ఆమె ఇష్టం, అభ్యంతరం లేదు. తడి చెత్త వేరు చేస్తోందా అని ఒక్కసారి అడగండి.

ఇంకో సంగతి. బర్రె నేరస్థురాలు మాత్రమే కాదు, బాధితురాలు కూడా. నల్ల తోలు, చెమట గ్రంథులు తక్కువ. నలభై నాలుగు డిగ్రీల మేలో మడుగు దొరకకపోతే పాలు పడిపోతాయి, ఎదకు రావడం కూడా సరిగా కనపడదు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎన్ని చెరువుల్లో బర్రెలు దిగేవో, ఆ చెరువు శిఖం భూముల్లో చాలా వాటి మీద ఇప్పుడు వెంచర్ బోర్డులున్నాయి.

ఇక మీ ఇంటి విషయం. అమ్మేయడం వల్ల లాభం లేదు, ఎవరో కొంటారు, అక్కడ తేనుస్తాయి. నాలుగింట్లో ఎన్ని ఇప్పుడు పాలిస్తున్నాయో చూడండి. వట్టిపోయిన బర్రె కూడా రోజూ నూరు గ్రాములకు పైగా మీథేన్ వదులుతుంది, చుక్క పాలివ్వదు, దాన్ని దేనితో భాగిస్తారు? ఈతకూ ఈతకూ మధ్య పద్దెనిమిది నెలలుంటే పద్నాలుగుకు తేవడం అన్ని మందులకన్నా పెద్ద మందు. దానికి ఖనిజ మిశ్రమం, ఎద సమయానికి కనిపెట్టడం, పొద్దున్నా సాయంత్రం నీళ్లు చల్లడం చాలు. ఒట్టి వరిగడ్డే వేస్తుంటే నూరు కిలోలకు నాలుగు కిలోల యూరియా యాభై అరవై లీటర్ల నీళ్లలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, టార్పాలిన్ గాలి చొరబడకుండా కప్పి మూడు వారాలు ఊరబెట్టమనండి. తీశాక కాసేపు ఆరబెట్టి వేయాలి. ఆరునెలల లోపు దూడలకు అసలు పెట్టొద్దు. యూరియా నీళ్ల బకెట్ బర్రెకు అందేచోట ఎప్పుడూ ఉంచొద్దు, దానివల్ల చచ్చిన పశువును నేనే కోసి చూశాను. ఒక పావు ఎకరం సూపర్ నేపియర్ పచ్చగడ్డి ఉంటే ఇంకా మంచిది. పేడకు గోబర్ గ్యాసు గుంట పెట్టుకుంటే డోమ్‌కు పగుళ్లు లేకుండా చూడండి, కారితే ఇంతా చేసిన పని రివర్స్.

ముందు నాన్నగారికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలడగండి. నాలుగింటికీ చివరి ఈత ఏ నెలలో అయింది, ఇవాళ పొద్దున ఒక్కోటి ఎన్ని లీటర్లిచ్చింది? ఆ ఎనిమిది అంకెలు ఇక్కడ రాయండి, ఏ బర్రెతో ఏం చేయాలో అప్పుడు చెబుతాను.